వైల్డ్‌కార్డుకు వంతు తీసిన రోజు

ఊరికే వచ్చేదాన్ని నేను నమ్మను. కూరగాయల బండివాడు కొసరుగా కరివేపాకు వేసినా, వంకాయల్లో పుచ్చులు ఎన్ని కలిపాడో అని సంచి తిరగేసి చూస్తాను. మా ఆయన కృష్ణపట్నం పోర్టులో కంపెనీ బండి నడుపుతాడు, వారానికోసారి ఇంటికి వస్తాడు. వస్తూ వస్తూ పూలు తెచ్చాడంటే ఆ పూట మా ఇంట్లో విచారణ జరుగుతుంది. నా బుద్ధి ఇంతేనని మా జాలర్ల పాళెంలో అందరికీ తెలుసు. అందుకే, చెన్నైలో జరగబోయే అంతర్జాతీయ పందెంలో మా కుర్రాళ్ల కోసం ఒక వైల్డ్‌కార్డు చోటు, అంటే ఎంపికలో నెగ్గకపోయినా నేరుగా దిగనిచ్చే చోటు, ఉంచారని కబురు వచ్చినప్పుడు అందరూ ఈలలు వేస్తుంటే నేనొక్కదాన్నే, "ఎందుకిస్తారంట?" అని అడిగాను.

ముందు ఆ పందెం సంగతి చెప్పాలి. దాన్ని స్పీడ్‌వే అంటారు. కోడిగుడ్డు ఆకారంలో మట్టి దారి, దాని మీద నలుగురు మనుషులు, నాలుగు చుట్లు. మోటారు బండ్లే కానీ వాటికి బ్రేకులుండవు. ఎప్పుడూ ఎడమవైపుకే తిరగాలి. మలుపు రాగానే బండిని పక్కకు జార్చి, ఎడమ కాలు నేలకు రాస్తూ పోవాలి. ఆ కాలి బూటుకు అడుగున ఇనుప రేకు కట్టుకుంటారు. చూసేవాళ్లకు సరదాగానే ఉంటుంది. ఇంట్లోవాళ్లకు మాత్రం ఆ నాలుగు చుట్లూ అయ్యేదాకా గొంతులో నీళ్లు దిగవు.

ఇలాంటిది మా పులికాట్ సరస్సు ఒడ్డుకు ఎలా వచ్చిందంటే, రొయ్యలకు రోగం వచ్చి గుంటలన్నీ ఎండబెట్టిన ఏడాది నెల్లూరులో టైర్ల షాపు ఉన్న ఒకాయన రెండు పాత బండ్లను వ్యానులో వేసుకుని వచ్చాడు. ఎండిన రొయ్యల గుంట అడుగు చదునుగా ఉంటుంది, ఉప్పు పేరుకుని గట్టిగా ఉంటుంది. చుట్టూ గట్టు ఉంటుంది కాబట్టి చూసేవాళ్లకు కుర్చీలు అక్కర్లేదు. అప్పటి నుంచి ఒక పంటకూ ఇంకో పంటకూ మధ్య ఎవరి గుంట ఎండితే ఆ గుంటలో కుర్రాళ్లు తిరుగుతున్నారు. క్లబ్బు అని ఒకటి పెట్టుకుని ఆయన్నే కార్యదర్శిని చేసుకున్నారు. తనకేం ఒరుగుతుందని ఆయన ఇదంతా నెత్తికెత్తుకున్నాడో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

ఆ తిరిగేవాళ్లలో నా తమ్ముడు ఒకడు. అమ్మ పోయాక నా దగ్గరే పెరిగాడు. పొద్దున సరస్సులో వలకు పోతాడు, ఎండ చల్లబడ్డాక బండెక్కుతాడు. నాకు పాళెం రోడ్డు మీద టైలరింగు షాపు ఉంది. వాడి తోలు సూటు మోకాళ్ల దగ్గరా మోచేతుల దగ్గరా చిరిగినప్పుడల్లా అతుకులు వేసేది నేనే. మొదట్లో వాడిని పట్టుకోగలిగినవాడు లేడు. పందెం మొదలుపెట్టే గేటు దగ్గర అడ్డం కట్టిన టేపు పైకి లేచిందంటే మిగతా ముగ్గురూ వాడు లేపిన దుమ్ము తినాల్సిందే. ఆ రోజుల్లో నేను గట్టు మీద కూర్చున్న తీరు చూసి, బండి తోలేది నేనా వాడా అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

తరువాత ఒక పందెంలో మొదటి మలుపు దగ్గర వెనక బండి తగిలి పడ్డాడు. కాలర్ ఎముక విరిగింది, చీలమండ చితికింది. ఎముకలు అతుక్కున్నాయి, మళ్లీ బండెక్కాడు. కానీ గెలుపు పోయింది. రెండేళ్లుగా వస్తే మూడోవాడు, లేదంటే ఆఖరివాడు. నేను బండిని అనుమానించాను. మెకానిక్కును అనుమానించాను. మా వాడికి కావాలనే అరిగిన టైరు వేయిస్తున్నారని కార్యదర్శిని షాపుకు పోయి మరీ నిలదీశాను. ఆయన టీ తెప్పించాడు. ఆ టీ ఎందుకు తెప్పించాడో అని కూడా ఆలోచిస్తూనే బస్సెక్కాను.

ఇంకొకడు కొడవలూరు వైపు వరి రైతుల బిడ్డ. తమ్ముడికంటే నాలుగైదేళ్లు చిన్నవాడు. మా వాడి దగ్గరే మలుపు తిప్పడం నేర్చుకుని, మా వాడినే దాటిపోయాడు. చెన్నై పందేనికి మనుషులను ఎంచే పోటీలో ఒక్క చోటు తేడాతో బయట ఉండిపోయాడు. అదే పోటీలో నా తమ్ముడు అడుగు నుంచి వెతికితే కనిపిస్తాడు.

ఇప్పుడు నిర్వాహకులు ఫోన్ చేసి, మీ తీరం వాళ్లలో ఒకరికి చోటు ఇస్తాం, పేరు మీరే తేల్చుకుని వారంలోగా చెప్పండి అన్నారట. ఆ ఆదివారం సాయంత్రం గుంట గట్టు మీద అందరూ చేరారు. కార్యదర్శి గొంతు సవరించుకుని, "ఇందులో ఆలోచించేదానికేముండాది? కొడవలూరు అబ్బాయే పోవాల" అన్నాడు.

నేను లేచాను.

"వాడు వేగంగా పోతాడు గదా. ఈసారి కాకపోతే వచ్చేసారి తన కాళ్ల మీద తను లోపలికి పోతాడు. పోగలిగినోడికి ఇంకోదారి ఎందుకంట? ఈ చోటు పెట్టిందే కష్టాల్లో ఉన్నోడి కోసం. దెబ్బ తిన్నోడు లేచి నిలబడేదానికి ఒక చెయ్యి కావాల గదా!"

"కష్టపడేవాళ్లందరికీ చోటిస్తే అది పందెం ఎట్లవుతుందమ్మా? సత్రం అవుతుంది" అన్నాడు కార్యదర్శి. కొందరు నవ్వారు. ఎవరెవరు నవ్వారో చూసి పెట్టుకున్నాను.

కొడవలూరు అబ్బాయి మాత్రం నవ్వలేదు. "అక్కా, నాకు ఒక్క చోటు తేడాలో పోయింది. రెండు నెలలుగా నిద్ర పట్టడంల్యా. అది కష్టం గాదా?" అన్నాడు. జవాబు లేనప్పుడు నాకు కోపం ఎక్కువవుతుంది. అసలు ఈ చోటు ఇవ్వడమే మోసమన్నాను. విదేశీ రౌతులు చుట్టూ తిరుగుతుంటే వెనకాల దిష్టిబొమ్మలా ఒక లోకల్ మనిషి ఉండాలి, జనం వాడి కోసం టిక్కెట్లు కొనాలి, అందుకే ఈ ప్రేమ అన్నాను. "మరట్లయితే మీ తమ్ముడికెందుకు అడుగుతుండావు?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎందుకంటే అడుగుతాను. ఇచ్చేవాళ్లను నమ్మను, ఇచ్చింది మాత్రం మా వాడికే రావాలి. అందులో నాకేమీ తప్పు కనబడలేదు.

అప్పుడే శ్రీహరికోట నుంచి రాకెట్ పోయింది. అందరూ తలెత్తి అది మబ్బుల్లోకి దూరేదాకా చూసి, మళ్లీ తగవులోకి దిగారు. ఇంత జరుగుతున్నా తమ్ముడు నోరు విప్పలేదు. గట్టు చివర కూర్చుని గడ్డి పరకలు తుంచుతున్నాడు. తన కోసం తను అడుక్కోవడం వాడికి చేతకాదు, అభిమానం గల మనిషి అనుకుని నేను ఇంకా గట్టిగా అరిచాను.

చివరికి మా పాళెం పెద్దాయన చెయ్యి ఎత్తాడు. "ఇట్ల అరుచుకుంటే తెల్లారిపోద్ది. మన పద్ధతి మనకుండాది గదా. కుండ పెడదాం" అన్నాడు.

మా పద్ధతి ఏమిటంటే, సరస్సులో వల వేసే చోట్లన్నీ ఒకటి కాదు. సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే కాలువ దగ్గర వల వేస్తే గంపలు నిండుతాయి. లోపల నీళ్లు తక్కువున్న మెరకలో వేస్తే కూరకు సరిపోతే గొప్ప. బాగా వల వేసేవాడికి మంచి చోటు అనే మాట మా దగ్గర లేదు. ఏటా వంతు తీస్తారు. వల పైకి తేలడానికి కట్టే బెండు ఉంటుంది కదా, ఒక్కో ఇంటివాళ్లు తమ బెండు మీద ఒక్కో గుర్తు చెక్కుకుంటారు. ఆ బెండ్లను కుండలో వేసి, పైన తడిగుడ్డ కప్పుతారు. పాళెంలో అందరికంటే పెద్ద వయసు ఆడమనిషి కళ్లు మూసుకుని గుడ్డ కింద నుంచి ఒకటి తీస్తుంది. ఎవరిది వస్తే మంచి చోటు వాళ్లది. చేతగానివాడిదే వచ్చినా, వీడికెందుకు అని అడిగినవాడు లేడు. పాళెంలో నేను అనుమానించని వస్తువు ఏదైనా ఉందంటే అది ఆ కుండ ఒక్కటే.

అయితే ఆ కుండతో అంతర్జాతీయ పందేనికి మనిషిని ఎంచడం మా పాళెంవాళ్లకే తట్టాలి. కార్యదర్శి తల గోక్కున్నాడు. చెన్నైవాళ్లకు తెలిస్తే ఏమనుకుంటారో అని గొణిగాడు. కానీ గుంటలు మావి, గట్లు మావి, కాదంటే రేపటి నుంచి బండి తిప్పేదానికి చోటుండదు. సరేనన్నాడు. కొడవలూరు అబ్బాయికి బెండు లేదు కాబట్టి, ఒక కొత్త బెండు తెచ్చి దాని మీద వరికంకి గుర్తు చెక్కారు. తమ్ముడిది మా ఇంటి గుర్తే, మూడు గీతలు.

మరుసటి రోజు పెద్దాయన వాకిట్లో కుండ పెట్టారు. ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు గుడ్డ కింద చెయ్యి పెట్టి బెండు వేసి వచ్చారు. పెద్దాయన తల్లి, మేమందరం అవ్వా అని పిలిచే ముసలామె, కళ్లు మూసుకుని చెయ్యి లోపల పెట్టింది. పెట్టిన చెయ్యి వెంటనే బయటికి రాలేదు. లోపలే కాసేపు తడిమింది. కళ్లు తెరిచి ఒకసారి నా తమ్ముడి వైపు చూసింది. మళ్లీ మూసుకుని బెండు బయటికి తీసింది. దాని మీద వరికంకి ఉంది.

అందరూ చప్పట్లు కొట్టారు. తమ్ముడు కూడా కొట్టాడు. నేను కొట్టలేదు.

ఆ చెయ్యి లోపల అంతసేపు ఎందుకుంది? కళ్లెందుకు తెరిచింది? మా వాడి వైపే ఎందుకు చూసింది? జాకెట్టుకు కాజాలు కుడుతున్నా అదే ఆలోచన. వాడిన బెండు నున్నగా ఉంటుంది, కొత్తది గరుకుగా ఉంటుంది, తడిమితే తెలిసిపోతుంది కదా! కావాలనే కొత్తది పెట్టారు. అంతకుముందు రోజు కార్యదర్శి పెద్దాయన ఇంట్లో కూల్‌డ్రింకు తాగడం నా కళ్లతో నేను చూశాను. తాగింది ఆయనే అనుకోండి, తాగించింది ఎందుకు? పెద్దాయన దగ్గరకు పోయి మొహం మీదే అడిగేశాను. ఆయన కోప్పడలేదు. "కుండ మీద కూడా అనుమానం పెట్టుకుంటే ఇంక ఈ సరస్సులో బతికేదెట్లమ్మా?" అన్నాడు. బాధగా అన్నాడో, తప్పించుకోవడానికి అన్నాడో తేల్చుకోలేక అవ్వ కోసం పెరట్లోకి పోయాను.

అవ్వ చాప మీద ఎండుచేపలు తిరగేస్తోంది. నేనూ పక్కన కూర్చుని నాలుగు చేపలు తిప్పి, మెల్లగా అడిగాను. "అవ్వా, ఆరోజు కుండలో చెయ్యి పెట్టి అంతసేపు ఏం తడిమినావు?"

ముసలామె నా వైపు చూడలేదు. "రెండోదాని కోసం."

"అంటే?"

"ఒకటే ఉన్నిందమ్మే. కుండలో ఒకటే బెండు ఉన్నింది. ఇంకోటి ఏడన్నా అంటుకోనుందేమోనని అడుగంతా తడిమినా. ల్యా."

నా ఒళ్లు మండిపోయింది. ఇంతకంటే ఏం కావాలి? మా బెండు తీసేశారు! నేను ఊహించినదానికంటే ఘోరం చేశారు! "మరి అప్పుడే ఎందుకు చెప్పలా?" అని అరిచాను. "అడగాల్సినోళ్లను అడుగు పో" అని మాత్రం అని, అవ్వ చేపల మీద కాకిని తోలింది.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు నీడలో కూర్చుని వలకు తెగిన కళ్లు అల్లుతున్నాడు. గుమ్మంలో నుంచే మొదలుపెట్టాను. కుండలో మన బెండు లేకుండా చేశారని, రేపు పొద్దున్నే పాళేన్నంతా కూర్చోబెడతానని, కార్యదర్శి గుట్టు, పెద్దాయన గుట్టు నడివీధిలో పెడతానని, చెన్నైకి పంపిన పేరు వెనక్కి తెప్పిస్తానని ఊపిరాడకుండా చెప్పాను. చెప్పడమే కాదు, అప్పటికప్పుడే పెద్దాయన ఇంటికి పోదామని వాడి రెక్క పట్టుకుని లాగాను.

వాడు లేవలేదు. "ఎవరూ తీయలాక్కా" అన్నాడు.

"నీకు తెలీదు, ఊరుకో. అవ్వే చెప్పింది."

"నేను వెయ్యలా. గుడ్డ కింద చెయ్యి పెట్టి ఊరికే తీసేసినా. బెండు పిడికిట్లోనే ఉన్నింది."

నాకు అర్థం కాలేదు. వాడి కోసం అంతమందితో తగవు పడ్డాను. వాడు చేతిలో ఉన్న బెండు కుండలో వేయడానికి ఏమొచ్చింది? "ఎవరు బెదిరించినారు?" అన్నాను. నాకు తట్టింది అదే.

వాడు వల కింద పెట్టాడు. "ఎవరూ బెదిరించలా. అక్కా, మొదటి మలుపు దగ్గర వెనక బండి చప్పుడు వినబడితే నా కుడి చెయ్యి దానంతట అదే యాక్సిలేటరు మూసేస్తాది. మూసేయకూడదని తెలుసు. మలుపులో మూస్తే బండి జారదు, నిటారుగా లేచి నేరుగా గట్టుకు పోతాది. తెలిసీ మూస్తాది. రెండేళ్లుగా అంతే. బండి బాగానే ఉండాది, టైరూ బాగానే ఉండాది. నువ్వు గట్టు మీద నిలబడి కష్టాల్లో ఉన్నోడికి ఇయ్యాల అని అందరితో కొట్లాడినావు. నేను కష్టాల్లో లేనక్కా. నాకు భయం."

నేను అరుగు మీద కూలబడ్డాను. "నాతో చెప్పేదానికేం?" అన్నాను.

"నువ్వు ఎవర్ని నమ్మినావక్కా ఈ పాళెంలో? బావను నమ్మవు, పెద్దాయన్ను నమ్మవు. నన్నొక్కడినే గదా. అదొక్కటీ ఎందుకు పోగొట్టుకోవాల అనుకున్నా."

వాడి మీద కోపం వచ్చింది, జాలి వచ్చింది, ఇన్నాళ్లూ అన్నం పెట్టేటప్పుడు కూడా వాడి మొహంలో అది కనబడలేదేమని నా మీద నాకే మంట పుట్టింది. వాడు మళ్లీ వల తీసుకుని అల్లడం మొదలుపెట్టాడు. నేనూ వల రెండో కొస అందుకుని పొద్దుగూకేదాకా కళ్లు అల్లాను.

పంచాయితీ పెట్టలేదు. అక్కడే వచ్చింది చిక్కు. నేను పెద్దాయన ఇంటికి పోయి రంకెలు వేయడం సగం పాళెం విన్నది. అంతగా ఎగిరిన మనిషి ఉన్నట్టుండి నోరు మూసుకుంటే జనం ఊరుకుంటారా? కార్యదర్శి నా షాపుకు క్లబ్బు వాళ్ల జెర్సీలన్నీ కుట్టమని ఇచ్చాడని పుకారు పుట్టించారు. కాదు, మా ఆయనకు పోర్టులో మంచి డ్యూటీ వేయిస్తానన్నాడని ఇంకొకరు. బోరింగు దగ్గర నేను బిందె పెట్టగానే మాటలు ఆగిపోయేవి. రోజూ నేను అందరినీ చూసే చూపుతో అందరూ నన్ను చూశారు. ఒక్క మాటతో వాళ్ల నోళ్లు మూయించవచ్చు. ఆ మాట తమ్ముడిది, నాది కాదు. అందుకని పళ్లు బిగబట్టుకుని నీళ్లు మోసుకొచ్చుకున్నాను.

కొడవలూరు అబ్బాయి చెన్నైకి బయలుదేరే ముందు ఆఖరుసారి మా గుంటలో బండి తిప్పుతానని వచ్చాడు. పాళెమంతా గట్టు మీదే ఉంది. అతని సూటు భుజం దగ్గర కుట్టు ఊడితే నేనే వేసి తీసుకుపోయాను. అది అందిస్తుంటే పక్కనున్న ఒకామె అందరికీ వినబడేట్టు, "ఏమ్మే, అంత ఎగిరినదానివి, సూటు కూడా కుట్టి పెడుతుండావే! ఏమిచ్చినారేంది నీకు?" అంది. నవ్వులు మొదలయ్యాయి. కార్యదర్శి కూడా తల పక్కకు తిప్పుకుని నవ్వాడు. నేను సూది దారం సంచిలో వేసుకుని వెనక్కి తిరిగాను.

"మా అక్కకెవరూ ఏమీ ఇయ్యలా" అన్నాడు తమ్ముడు.

వాడు గుంట అడుగున, బండి పక్కన నిలబడి ఉన్నాడు. పైన గట్టు మీద చుట్టూ మేమందరం. నేను వద్దని చెయ్యి ఊపాను. వాడు చూశాడు, చూసి కూడా చెప్పాడు. "కుండలో నేను బెండు వెయ్యలా. నాకు బండంటే భయం పట్టుకునుండాది. అందుకని వెయ్యలా. ఆ సంగతి దాచేదానికే మా అక్క నోరు మూసుకునుండాది. ఎవరన్నా ఏమన్నా అనాల్సి ఉంటే నన్ననండి."

ఒక్కరు కూడా నవ్వలేదు. నన్ను అడిగినామె కొంగు సర్దుకుంది. గుంటల్లో రాజులాగా తిరిగిన వాడు అంతమంది ముందు ఆ మాట అనడం విని నేను గట్టు అంచుదాకా పోయాను.

కొడవలూరు అబ్బాయి హెల్మెట్ తీసి బండి ట్యాంకు మీద పెట్టాడు. "నాకూ ఉండాదన్నా" అన్నాడు నెమ్మదిగా. "చోటు వచ్చిన కాడి నుంచి ఎక్కువైంది. ఎవరికీ చెప్పలా, అంతే."

నిజంగానే అన్నాడో, మా వాడి మొహం చూసి ఓదార్పుకు అన్నాడో నాకు తెలియదు. కనిపెడదామని అతని మొహం వంకే చూశాను. ఈలోపు వాళ్లిద్దరూ గుంట మధ్యలో నేల మీదే కూర్చున్నారు. తమ్ముడు కుడి చెయ్యి చాపి, వెనక బండి చప్పుడు వినబడగానే అది ఎట్లా మూసుకుంటుందో చూపిస్తున్నాడు. ఆ అబ్బాయి తన చెయ్యి పక్కన పెట్టి ఏదో అడుగుతున్నాడు. రెండేళ్ల తరువాత నా తమ్ముడు బండి గురించి ఒక మనిషితో నోరారా మాట్లాడటం అప్పుడు చూశాను. నాకు ఏడుపొచ్చింది. ఎవరైనా చూస్తున్నారేమోనని అనుమానం వచ్చి, గట్టు దిగి అవతలి వైపుకు పోయాను.